పత్తి కింద గీత

మొన్న ఒక ప్రభుత్వ శాఖ వారి తెలుగు పేజీని ఫోనులో చూస్తుంటే ‘కొత్త ఉత్తర్వులు’ అన్న లింకు దగ్గర నా వేలు ఆగిపోయింది. లింకు కింద నీలం గీత ఉంది. అందులో వింతేమీ లేదు, లింకన్నాక గీత ఉంటుంది. వింత ఏమిటంటే ఆ గీత ఒక్క ఊపున అడ్డంగా పోలేదు. కొత్తలోని ‘త’ కింద ఒత్తు రాగానే తెగింది, ఒత్తుకు చోటిచ్చింది, అది దాటాక మళ్ళీ మొదలైంది. కళ్ళజోడు సర్దుకొని ఫోను దగ్గరికి తెచ్చుకొని చూశాను. ఒక్క ఒత్తు కూడా గీత కింద నలగలేదు. ఇంకొకరైతే సంతోషించేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. బ్రౌజర్లకు ఇప్పుడా వచ్చింది ఈ బుద్ధి? నలుగురి ముందు నేను నవ్వులపాలైన రోజున ఈ మర్యాద ఏమైంది? నా ముఖం చూసి మా వారు పేపరు కిందికి దించి ఏమైందని అడిగారు. ఏం లేదు, మా బావ గుర్తొచ్చాడన్నాను. ఆయన మళ్ళీ పేపరు పైకెత్తుకున్నారు. బావ సంగతి వచ్చిందంటే ఇక ఆ పూటకు నాతో మాట్లాడి లాభం లేదని ఆయనకు బాగా తెలుసు.

మా బావ అంటే మా అక్క భర్త. ఆయనంటే నాకు పడదు. పెళ్ళిచూపులకు వచ్చిన రోజునే పడలేదు. మా నాన్న ఫ్యాక్టరీ నుంచి ముందుగా వచ్చి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చుంటే ఈయన వచ్చీరాగానే మా ఇంటి టీవీ సరిగ్గా ట్యూన్ చేయలేదని చెప్పి, లేచి, దాన్ని తిప్పి మొత్తానికే బొమ్మ రాకుండా చేశాడు. ఆ తర్వాత రామంతాపూర్‌లో టీవీ స్టేషన్‌కు ఇంత దగ్గరగా ఉండి కూడా బొమ్మ రాకపోవడమేమిటని మమ్మల్నే తప్పుపట్టాడు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. ఉప్పల్ బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాడు కాబట్టి ఎవరితో మాట్లాడినా వాళ్ళు రెండుసార్లు ఫెయిలైనట్టే మాట్లాడేవాడు. తర్వాత ఆ ఉద్యోగం మానేసి, నాచారంలో ఒక టైర్ల షాపు పైగదిలో సొంతంగా వెబ్ పేజీలు చేసే ఆఫీసు పెట్టాడు. డిగ్రీ పూర్తయి ఖాళీగా ఉన్నానని నన్ను అందులో చేర్చారు. నన్నెవరూ అడగలేదు. కొత్త రబ్బరు వాసనంటే నాకు ఇప్పటికీ తలనొప్పి వస్తుంది, దానికి కూడా బావే కారణం.

బావ దగ్గర ఇటుకంత లావు పుస్తకం ఒకటి ఉండేది. వెబ్ పేజీలు భూమ్మీదకు వచ్చిన కొత్తల్లో అచ్చయింది. ప్రపంచంలో పేజీలు రాసే పద్ధతి మారింది, రంగులూ గీతలూ అన్నీ వేరే ఫైలులో పెట్టి పేజీలో కేవలం విషయం మాత్రమే ఉంచుతున్నారు అని నేను ఇంటర్నెట్ సెంటరులో చదివి వచ్చి చెబితే, ఆయన ఆ పుస్తకం మీద అరచేతితో తట్టి, “గీండ్ల ఉన్నదా?” అనేవాడు. అందులో లేనిది ఈ లోకంలో లేదు. ప్రతి మాటకూ దాని రంగూ సైజూ చెప్పే ఒక ఫాంటు ట్యాగు, ప్రతి బొమ్మకూ గళ్ళుగళ్ళుగా ఒక టేబులు, టేబులులో ఇంకో టేబులు, పైన కుడి నుంచి ఎడమకు పరుగెత్తే సుస్వాగతం. ఇప్పటి పద్ధతి ప్రకారం రాసిన పేజీ ఇది అని బ్రౌజరుకు చెప్పే వరుస ఒకటి అన్నిటికంటే పైన పెట్టాలి. అది లేకపోతే బ్రౌజరు, పాపం పాత కాలపు పేజీలే అనుకొని, తప్పులన్నీ చూసీచూడనట్టు సర్దుకుపోతుంది. బావ పేజీల్లో ఆ వరుస ఎప్పుడూ ఉండేది కాదు. ఒకసారి నేను పెట్టి చూపిస్తే ఆయన కట్టిన టేబుళ్ళన్నీ అటూ ఇటూ చెదిరిపోయాయి. “మంచిగున్న పేజీని ఖరాబు చేసినవ్” అన్నాడు. ఖరాబుగా ఉన్నదే ఇన్నాళ్ళూ మంచిగా కనబడింది బావా అన్నాను. ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. హాయిగా పని చేసుకున్నాను.

అన్నిటికంటే పెద్ద గొడవ లింకుల దగ్గర. “సూడు మరదలా, లింకంటే నీలం రంగు, కింద గీత. ఒకసారి ఒత్తినంక వంకాయ రంగు. గంతే. గీత లేకుంటె పబ్లిక్‌కు ఎట్ల ఎరుక?” ఇది ఆయన శాసనం. ఇంగ్లీషుకు ఆ గీత సరిపోతుందేమో, నాకు అభ్యంతరం లేదు. తెలుగుకు అక్షరం కిందనే కదా సగం ప్రాణం ఉండేది. అప్పటి బ్రౌజర్లు గీసే గీత సరిగ్గా ఒత్తుల నడుము మీదుగా పోయేది. చిన్న అక్షరాలైతే ఒత్తు మొత్తంగా మాయమయ్యేది. అక్క ‘అక’ అయ్యేది, అత్త ‘అత’ అయ్యేది. తెలుగు పేజీలు అడిగేవాళ్ళు మాకు ఎవరూ లేరు కాబట్టి ఈ గొడవ చాలాకాలం మాటల్లోనే నడిచింది. బావ అయితే, “తెలుగోళ్ళకు గా మాత్రం సమజ్ కాదా, ఒత్తు లేకున్నా సదువుకుంటరు” అని కొట్టిపారేశాడు.

అటువంటప్పుడు విత్తనాలాయన వచ్చాడు. నాచారం పారిశ్రామికవాడలో ఆయనకు పత్తి విత్తనాల వ్యాపారం. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు, మా మెట్లు ఎక్కి ఆయాసపడుతూ, “మా డీలర్లందరికీ తెలుగే కావాలండీ. అక్షరం పెద్దదిగా, శుభ్రంగా ఉండాలి” అన్నాడు. ఆ పని నాకు వచ్చింది. బావకు తెలుగు టైపింగు రాదు కాబట్టి వచ్చింది, ప్రేమతో కాదు. నేను పేజీని కొత్త పద్ధతిలో, పై వరుసతో సహా రాశాను. లింకుల కింద బ్రౌజరు గీసే గీతను తీసేసి, దాని బదులు ఒత్తులకు బాగా కిందుగా సన్నని అంచు పెట్టాను. లంగాకు అంచు వేసినట్టు ఉండేది. రంగు మాత్రం పేజీలో మిగతా రాతకున్న, ఆ కంపెనీవారి ముదురు ఆకుపచ్చే ఉంచాను. మొదటి పేజీలో నడిమధ్యన పెద్ద లింకు: ‘మేలైన పత్తి కోసం ఇక్కడ నొక్కండి’. నొక్కండి అన్న మాట దగ్గర కూడా బావ ఊరుకోలేదు. “నొక్కుడంటె మా తాన జేబుల ఏసుకునుడు. ఒత్తుండ్రి అని పెట్టు” అన్నాడు. విత్తనాలాయన నొప్పించకుండా నవ్వి నొక్కండే ఉంచమన్నాడు. ఆ పేజీని నేను మా ఆఫీసులో కొత్తగా కొన్న కంప్యూటరులో ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో చెప్పలేను. పత్తిలో ఒత్తు ముత్యంలా కనబడేది.

ఆ పేజీ చూపించి నేను బయటపడాలనుకున్నాను. లాలాపేట ఫ్లైఓవర్ దాటాక ఒక పెద్ద కంపెనీ ఉండేది, తెలుగులో పేజీలు చేసేవాళ్ళ కోసం ప్రకటన వేశారు. ఆ రోజుల్లో హైదరాబాదు మొత్తంలో అటువంటి ఉద్యోగం ఇంకోటి ఉందని నేను వినలేదు. అది నాకు వస్తే టైర్ల షాపు మెట్లు తప్పుతాయి, ఆ ఇటుక పుస్తకం తప్పుతుంది, బావ నా వెనక నిలబడి పల్లీలు నములుతూ నా స్క్రీను చూడడం తప్పుతుంది. దరఖాస్తుతో పాటు, మీరు చేసిన పేజీ ఏదైనా ఇంటర్నెట్‌లో ఉంటే దాని చిరునామా ఇమ్మన్నారు. ఇచ్చాను. ఇంటర్వ్యూకి చదువుకోవాలని ఆ వారం ఆఫీసుకు పోలేదు. బావకు చెబితే “పోతె పో” అన్నాడు, అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. అక్క మాత్రం సాయంత్రం వచ్చి నా చీర ఇస్త్రీ చేసి పెట్టింది. రోజూ మధ్యాహ్నం బావకు అన్నం డబ్బా తీసుకొని ఆఫీసుకు పోయే అక్క అక్కడే కాసేపు కూర్చొని వచ్చిన ఫోన్లు ఎత్తేది, ఆయన పుణ్యమా అని ఒకటో రెండో ట్యాగులు కూడా నేర్చుకుంది.

ఇంటర్వ్యూలో ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. నడిమి పెద్దమనిషి నేనిచ్చిన చిరునామాను తన కంప్యూటరులో తెరిచాడు. ఆయన ముఖం మెల్లిగా విచ్చుకుంటోంది. నచ్చిందనుకున్నాను. ఆయన పక్కావిడ వైపు స్క్రీను తిప్పి పైకి చదివాడు. “మేలైన పతి కోసం ఇకడ నొకండి.” ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడో ఆయన అడ్డం పెట్టుకోలేదు. “ఏమ్మా, ఇది పెళ్ళిళ్ళ సైటా?” అన్నాడు పెద్దమనిషి. నేను లేచి స్క్రీను చూశాను. నా సన్నని అంచు పైన, సరిగ్గా ఒత్తుల మీదుగా, లావుపాటి గీత ఒకటి పాకి ఉంది. ఆకుపచ్చ కూడా కాదు, నీలం. ఎవరో పాత కాలపు ట్యాగులతో ఆ లింకు కింద గీత గీసి, రంగు మార్చి పెట్టారు. ఇది నేను చేసింది కాదండీ అన్నాను. మరి ఎవరు చేశారమ్మా అన్నాడాయన. మా బావ అన్నాను. ఆ జవాబు వినగానే ఆవిడ కూడా కొంగు తీసేసి నవ్వింది. మర్యాదస్తులే, చాయ్ తెప్పించారు. ఉద్యోగం మాత్రం నాకు ఇవ్వలేదు.

లాలాపేట నుంచి నాచారం దాకా ఎండలో నడిచే వచ్చాను. షేర్ ఆటోలు పక్కనే ఆగి అడుగుతున్నా ఎక్కలేదు, కోపం చల్లారిపోతుందని భయం. మెట్లు ఎక్కేసరికి బావ అన్నం తింటున్నాడు, అక్క పక్కన నిలబడి పప్పు వడ్డిస్తోంది. ఆ పేజీ ఎవరు ముట్టుకున్నారని అరిచాను. బావ ముద్ద మింగి, నీళ్ళు తాగి, తాపీగా, “నేనే. గీత పెట్టిన. గీత లేని లింకు లింకేనా?” అన్నాడు. నన్ను అడగకుండా ఎట్లా పెట్టావన్నాను. “నా ఆఫీసు, నా పేజీ. నిన్నెందుకడగాలె?” అన్నాడు. పతి అని చదివి నవ్వారు, నా ఉద్యోగం పోయింది అని చెబితే ఆయన ఒకసారి అక్క వైపు చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. అక్క గరిటె పట్టుకొని గోడ వైపు చూస్తూ నిలబడింది. నువ్వయినా చెప్పవేమే అన్నాను. వంగి బావ కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. ఆ గీతను నా చేతులతో తీసేసి, బ్యాగు తీసుకొని దిగిపోయాను. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

అంతటితో పోయి ఉంటే నేనూ మరచిపోయేదాన్నేమో. కానీ బావ ఆ కథను ఊరంతా తిప్పాడు. ఏ పెళ్ళికి పోయినా, ఏ బారసాలకు పోయినా, పంక్తిలో కూర్చోగానే మొదలుపెట్టేవాడు. గీత తానే గీశానని కూడా గొప్పగా చెప్పుకునేవాడు. తర్వాత్తర్వాత చెబుతూ చెబుతూ అసలా లింకు నేనే రాసుకున్నట్టు తయారుచేశాడు. చుట్టాల్లో నాకు ‘పతి కోసం’ అని పేరు పడింది. నా పెళ్ళిలో, అప్పగింతలప్పుడు, మా అమ్మ ఏడుస్తుంటే, నేను ఏడవబోతుంటే, ఈయన మగపెళ్ళివారి మధ్య నిలబడి, “మా మరదలుకు మేలైన పతే దొరికిండు. నొక్కకుంటనే దొరికిండు!” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు రావలసిన ఏడుపు ఆగిపోయింది. పెళ్ళి వీడియోలో ఇప్పటికీ నేను పళ్ళు కొరుకుతూ కారు ఎక్కుతుంటాను. ఆ తర్వాత ఘట్‌కేసర్ దగ్గరి ఒక ఇంజనీరింగు కాలేజీలో పని దొరికింది. ఫలితాల పేజీలూ, హాల్‌టికెట్ల పేజీలూ, అన్నీ ఇంగ్లీషులో. ఒక్క ఒత్తు లేదు. ఏళ్ళకేళ్ళు చేశాను. తెలుగు పేజీలు చేయాలని ఉండేదని ఎవరితోనూ అనలేదు, అంటే ఆ కథ మళ్ళీ మొదలవుతుంది.

తెలంగాణ వచ్చిన యేడు, ఆ సంబరాల వారంలోనే ఒక ఆదివారం ఉప్పల్‌లో అక్కావాళ్ళింటికి భోజనానికి పిలిచారు. మా వారితో పాటు మా మరిది కూడా వచ్చాడు, అక్కావాళ్ళింటికి అతనికదే మొదటిసారి. అప్పటికి బావ ఆఫీసు మూతపడి చాలాకాలమైంది, ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెబుతున్నాడు. జుట్టు పోయింది, గొంతు పోలేదు. బగారా అన్నం వడ్డించగానే మా మరిది వైపు తిరిగి, “మా మరదలంటె ఏమనుకున్నవ్? పెండ్లి కాకముందే కంప్యూటర్ల ‘మేలైన పతి కోసం ఇక్కడ నొక్కండి’ అని రాసుకున్నది!” అన్నాడు. నేను కంచం పక్కకు జరిపాను.

“బావా, ఇగ చాలు,” అన్నాను. “నువ్వు గీసిన గీతతోని నా నౌకరి పోయింది. పోయినదాన్ని పట్టుకొని ఇన్నేండ్లు పెండ్లిళ్ళల్ల నవ్విచ్చుకున్నవ్. నీకు సిగ్గనిపిస్తలేదా?”

మా మరిది తల వంచుకొని అన్నం కలుపుకున్నాడు. బావ నా వైపు చూడలేదు, వంటింటి వైపు చూశాడు. అక్క చేతిలో కూర గిన్నెతో గడపలో నిలబడి ఉంది.

“గీత ఈయన గీయలే,” అంది. “నేను గీసిన.”

“నువ్వు ఊకో,” అన్నాడు బావ.

“ఎన్నేండ్లు ఊకోవాలె? ఈయన ఆ దినం భువనగిరి పోయిండు. నువ్వు ఇంట్ల సదువుకుంటున్నవ్. విత్తనాలాయన ఫోన్ జేసిండు, మా డీలర్ల కంప్యూటర్లల్ల ఎక్కడ నొక్కాల్నో కనిపిస్తలేదమ్మా, ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయ్ అని. నాకు ఏం తెలుసు? లింకంటె నీలం, కింద గీత అని ఈయన చెప్పిండు గద. పెట్టిన. సాయంత్రం నీ చీర ఇస్త్రీ చేసేటప్పుడన్న నీకు చెప్పకపోతి, సదువు చెడగొట్టుడెందుకని.”

అప్పుడు నాకు విషయం అర్థమైంది. డీలర్ల దగ్గర ఉన్నవి పాత కంప్యూటర్లు, వాటిలో పాత బ్రౌజర్లు. గీత తీసెయ్యమన్న నా మాట వాటికి తెలుసు, దాని బదులు నేను పెట్టిన అంచు సంగతి వాటికి తెలియదు. గీత పోయింది, అంచు రాలేదు, రంగు చూస్తే చుట్టూ ఉన్న రాత రంగే. ఆ పల్లెల్లో నా లింకు మామూలు వాక్యంలా పడి ఉంది. పాత బ్రౌజరు పట్టుకొని వేలాడే వాళ్ళది తప్పు గానీ నాది కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను.

“మరి ఆనాడే ఎందుకు చెప్పలేవే?” అన్నాను.

“చెప్తె నువ్వు నాతోని మాట్లాడకపోదువు,” అంది అక్క. “ఈయనే అన్నడు, ‘నాతోని మరదలు ఎట్లయిన సక్కగ మాట్లాడది, ఇంకింత కోపమైతె నాకేం పోతది, నా మీదనే ఉండనియ్’ అని.” ఆ మాట అని కూర గిన్నె బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకొని, మా మరిదికి ఇంకో ముక్క వేసింది. బావ గ్లాసులో నీళ్ళు నింపుకుంటున్నాడు. ఆయన ముఖంలో మొదటిసారి పాఠం చెప్పే కళ లేదు.

కథల్లోనైతే ఇక్కడ నేను లేచి ఆయన చేతులు పట్టుకోవాలి. నాకు అటువంటిదేమీ కలగలేదు. ఆయన భార్యను కాపాడుకున్నాడు, బాగానే ఉంది, నన్ను పంక్తుల్లో నవ్వులపాలు చేసి కాపాడుకున్నాడు. నింద నెత్తిన వేసుకున్నవాడు నోరు మూసుకొని వేసుకోవచ్చు కదా. దాన్ని వేడుక చేసుకొని, మా అమ్మ ఏడుపు మధ్యలో కూడా చెప్పుకోవడమెందుకు? ఇంటికి వెళ్ళే దారిలో మా వారు, “పాపం మీ బావ” అన్నారు. ఉప్పల్ రింగు రోడ్డు దాటి ఇల్లు చేరేవరకు నేను ఆయనతో కూడా మాట్లాడలేదు.

ఆ రాత్రి అక్క మీద కోపం తెచ్చుకోవాలని నిజంగానే ప్రయత్నించాను. న్యాయంగా అది ఆమెకు రావలసింది. రాలేదు. ఇస్త్రీ పెట్టె పక్కన చీర మడతపెడుతూ, చెప్పాలా వద్దా అని లోపల నలిగిపోయిన మనిషే కనబడింది. సరే, కనీసం బావ మీద ఉన్నదైనా తగ్గుతుందేమోనని చూశాను. అదీ తగ్గలేదు. పండుగలకు ఇప్పటికీ కలుస్తాం. ఆయన ఆ కథ చెప్పడం మానేశాడు, ఇద్దరం వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడుకొని చెరో గదిలోకి పోతాం. అక్క మా ఇద్దరి మధ్య చాయ్ కప్పులు పట్టుకొని తిరుగుతుంటుంది. కాలం నిజాన్ని తీసుకొచ్చి నా చేతిలో పెట్టేసరికి, నా కోపానికి కారణమంటూ ఒకటి అక్కర్లేనంత వయసు వచ్చేసింది.